"మళ్లీ నడిపితే పోతుంది" అన్న సలహాకు ఖండన

బరంపురం, రాయగడ, పర్లాకిమిడి ప్రాంతాల్లో సాఫ్ట్‌వేర్ పని చేసుకునే తెలుగువారి మధ్య ఒక సందేశం కొంతకాలంగా చేతులు మారుతోంది. "మేక్‌ను జె8తో నడిపితే బిల్డ్ అప్పుడప్పుడు ఆగిపోవడం మేక్ లోపం, మళ్లీ నడిపితే పోతుంది, పోకపోతే జె1 పెట్టండి, సమస్య తీరినట్టే" అన్నది దాని సారాంశం. మేక్ అంటే సోర్స్ ఫైళ్ల నుంచి ప్రోగ్రామ్‌ను తయారుచేసే (బిల్డ్ చేసే) పనిముట్టు; జె8 అంటే ఒకేసారి ఎనిమిది పనుల దాకా, జె1 అంటే ఒక్కొక్కటిగా. ఈ మూడు మాటలూ తప్పే. రెండోది హానికరం కూడా.

మొదటి మాట సంగతి. మేక్‌కు సూచనలిచ్చే మేక్‌ఫైల్‌లో మనం రాసిన డిపెండెన్సీలు, అంటే ఏ ఫైలుకు ముందు ఏ ఫైలు కావాలన్న వివరాలు, తప్ప మేక్‌కు వేరే ఆధారం లేదు. వ్యాకరణ ఫైలు నుంచి పార్సర్ కోడ్ రాసిచ్చే బైసన్ అనే పనిముట్టు ఒక్కసారి నడిచి పార్సర్.సి, పార్సర్.హెచ్ అనే రెండు ఫైళ్లను ఇస్తుంది. ఆ రెండింటినీ ఒకే రూల్‌లో మామూలు కోలన్‌కు ఎడమవైపు రాస్తే, గ్నూ మేక్ వాటిని రెండు వేర్వేరు రూల్స్‌గా భావిస్తుంది కనుక, జె8లో రెండు బైసన్‌లు ఒకేసారి అవే ఫైళ్లను రాస్తుండగా, సగమే రాసిన హెడర్‌ను (పార్సర్.హెచ్‌ను) కంపైలర్ చదివే అవకాశం ఉంది. 2020లో వచ్చిన గ్నూ మేక్ 4.3 నుంచి కోలన్ ముందు ఆంపర్సాండ్ పెడితే రెండూ ఒకే పనిగా లెక్కకు వస్తాయి. అంతకంటే పాత మేక్‌లో ఆ గుర్తు పనిచేయదు.

ఇక మళ్లీ నడపడం. రెండోసారి బిల్డ్ పూర్తయ్యేది తప్పు పోయినందువల్ల కాదు, మొదటిసారి తయారైన హెడర్ అప్పటికే డిస్కు మీద ఉన్నందువల్ల. పాత హెడర్‌తో కంపైలైన ఆబ్జెక్ట్ ఫైలు (కంపైలర్ ఇచ్చే ఫైలు) ఒకటి మిగిలిపోయినా, దాని సమయముద్ర, అంటే చివరిసారి మారిన సమయం, కొత్తదిగా ఉంటే మేక్ దాన్ని ముట్టుకోదు. రాయగడలో నా రెండు కోర్ల యంత్రం మీద నెలల తరబడి సాఫీగా సాగిన బిల్డ్ 16 కోర్ల సర్వర్ మీద మొదటి రోజే ఆగిపోయినప్పుడు, నేనూ ఇలాగే మళ్లీ నడిపి రెండు రోజులు పోగొట్టుకున్నాను.

జె1 కూడా మందు కాదు. రాసిన వరుసలో పనులు జరగడం వల్ల, డిపెండెన్సీ రాయకపోయినా బిల్డ్ సాగిపోతుంది, అంతే.

వెతికే దారి ఉంది. 2022లో వచ్చిన గ్నూ మేక్ 4.4లోని షఫుల్ ఆప్షన్ పనుల వరుసను తారుమారు చేస్తుంది, జె1లోనైనా సరే. బిల్డ్ విఫలమైతే మేక్ ఆ వరుసకు వాడిన సంఖ్యను చెబుతుంది, దాన్ని తిరిగి ఇస్తే అదే వరుస వస్తుంది. అనుమానమున్న ఆబ్జెక్ట్ దొరికాక, అంతా క్లీన్ చేసి ఆ ఒక్క టార్గెట్‌నే (తయారు కావలసిన ఫైలునే) అడిగి చూడండి: హెడర్ లేదని కంపైలర్ అంటే, రాయకుండా వదిలిన డిపెండెన్సీ అదే.