అలకపాన్పు దిగని కుడి వింగ్‌టిప్ గారికి

మ.రా.రా.శ్రీ కుడి వింగ్‌టిప్ గారి దివ్యసముఖమునకు,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాద. కానీ నిన్న ఆదివారం మధ్యాహ్నం నుంచి మన ఉభయుల్లో కుశలంగా ఉన్నది తమరొక్కరే. నాకు మోచేతుల దాకా దద్దుర్లు. బొటనవేలి గోరు చుట్టూ గడ్డకట్టిన ఎపాక్సీ జిగురు. మెడ మీద దూలగొండి రాసినట్టు దురద. తమరు మాత్రం షెడ్డులో ఉన్న ఒక్క ఫ్యానుకీ ఎదురుగా గోనెసంచుల మీద వెల్లకిలా పడుకుని, మూడు వారాలైనా మర్యాదలు చాలని కొత్తల్లుడిలా చూస్తున్నారు.

మా బావ ఈ షెడ్డులో సొంతంగా విమానం కడుతున్నాడు. దాని రెక్కల కొసలకి తొడిగే ఫైబర్ తొడుగులే తమరూ, తమ అన్నగారూ. తమరు పెట్టె దిగిన రోజు బావ అన్నమాట నాకింకా చెవిలోనే ఉంది. "రేకు పనంతా నేను చేసేశాను. ఈ ఫైబర్ తొడుగులు రెండూ నువ్వు తగిలించేయి. పడవ కన్నా పెద్దదేటి? రెండ్రోజుల పని." ఎయిర్‌ఫోర్సులో ఇరవయ్యేళ్లు ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టరుగా చేసినవాడు చెబితే నమ్మనా? పైగా నేను ఒడిశాలోని గోపాల్‌పూర్ ఒడ్డున ఫైబర్ పడవలు బాగుచేసేవాణ్ణి. మ్యాట్, రెజిన్, కోబాల్ట్ వాసనలోనే పెరిగినవాణ్ణి. ఇక్కడి జాలరులు నోలియాల పడవలు రాయికి కొట్టుకుని ముక్కు పగలగొట్టుకుని వస్తే సాయంత్రానికి ముక్కు పెట్టి పంపుతాను. అలాంటి నాకు మూరెడు తొడుగు ఒక లెక్కా అనుకున్నాను. అనుకున్నానా!

ముందుగా తమ జాతకం గురించి. తమతోపాటు వచ్చిన డ్రాయింగులో రెక్కలో ఏ రివెట్టు ఎక్కడో, ఎంత దూరానికి ఎంతో అన్నీ ఉన్నాయి. తమ దగ్గరికొచ్చేసరికి ఆ రాసిన మహానుభావుడికి టీ వేళయినట్టుంది. "సరిపోయేలా కత్తిరించుకోవలెను" అని ఒక్క వాక్యం రాసి లేచిపోయాడు. ఎంత కత్తిరించాలి? ఎక్కడ? సరిపోవడమంటే దేనికి సరిపోవడం? పిల్లకి సంబంధం చూడవయ్యా అని పేరయ్యని అడిగితే "యోగ్యుణ్ణి చూసి చేయవలెను" అని చీటీ రాసిచ్చినట్టుంది. పైగా ఫైబర్‌ని ఒక్కసారి ఎక్కువ కోస్తే మళ్లీ అతికించి, అరగదీసి, ఆరబెట్టి మొదటికి రావాలి. అందుకని చాకుతో గీకి చూడటం, తొడిగి చూడటం, తీసి మళ్లీ గీకడం. మొదటి వారమంతా నేను తమకి క్షవరం చేశాను.

గీకిన పొడి సంగతి చెప్పనే అక్కర్లేదు. చల్లనీళ్లతో కడుక్కోవాలి, వేణ్ణీళ్లు తగిలితే ఇంకా లోపలికి దిగుతుందని మా పడవలవాళ్లందరికీ తెలుసు. తెలిస్తే మాత్రం? రాత్రి రెండింటికి గోక్కుంటూ కూర్చుంటే మా అక్క లైటేసి చూసింది. "విమానం ఆయనది, పిచ్చి ఆయనది. కందకి లేని దురద కత్తిపీటకెందుకురా?" అంది. సామెతలు అక్షరాలా నిజమవుతాయని నాకు ఇంతకుముందు తెలీదు.

ఇక కన్నాలు. రెక్క చివర రేకుకి అంచు వెంట కన్నాలు ముందే పొడిచి ఉన్నాయి. తమ అంచుకి లేవు. తమరు రేకు కిందికి దూరి కూర్చుంటే, పైనుంచి ఆ కన్నాల్లోంచే తమకి డ్రిల్లు వేసుకుంటూ పోవాలి. ముందు అంచు దగ్గర మొదలెట్టి, పైనొకటి, కిందొకటి, ఒక్కో కన్నంలో ఒక్కో వెండిరంగు క్లెకో (రెండు పొరల్నీ తాత్కాలికంగా పట్టి ఉంచే పిన్ను) గుచ్చుతూ వెనక్కి నడవాలి. చాప చుట్టేటప్పుడు మొదట్లో వెంట్రుకవాసి వంకర పోతే చివరికి జానెడు బయటికి తోసుకొస్తుంది చూడండి, సరిగ్గా అదే విద్య తమరిది కూడా. ముందు దగ్గర బుద్ధిమంతుడు. మధ్యలో బుద్ధిమంతుడు. చిట్టచివర, వెనక అంచు దగ్గరికి రాగానే అలక. పక్కనున్న ఐలరాన్ (విమానాన్ని పక్కలకి వాల్చడానికి రెక్క వెనక కదిలే పలక) అంచు ఒక ఎత్తున ఉంటే, తమరి అంచు దానికి 6 మిల్లీమీటర్లు పైన.

వెనక అంచు కిందికి నొక్కితే ముందు లేచింది. ముందు నొక్కితే మధ్యలో కడుపు లోపలికి పోయింది. కడుపు పోకుండా లోపల నురగ పలక పెట్టి దాని మీద గుడ్డ పొర వేశాను. అప్పుడు వెనక అంచు ఇంకొంచెం లేచింది. నూట పదకొండు సార్లు తొడిగి తీశానని మా బావ కూతురు గోడ మీద సుద్దతో గీతలు గీసింది. దాని లెక్క మీద నాకు నమ్మకం లేదు, ఇంకా ఎక్కువే అయి ఉంటాయి.

తమ అన్నగారు ఎడమ వింగ్‌టిప్ గారిని చూసి నేర్చుకోండి. ఐదు రోజుల్లో కూర్చున్నారు. ఐలరాన్ అంచుతో గీత గీసినట్టు కలిశారు. ఎర్ర దీపం కూడా పెట్టించుకున్నారు. తమరి ఆకుపచ్చ దీపం ఇంకా పప్పుల డబ్బాలోనే ఉంది. ఒకే ఇంట పుట్టి ఇంత తేడానా అని వచ్చినవాళ్లందరికీ ఆయన్ని చూపించి మరీ తమ పరువు తీశాను.

6 మిల్లీమీటర్లకే ఇంత రాద్ధాంతమా అని తమరు అనవచ్చు. పడవకైతే నేనూ అనేవాణ్ణి. పడవ అంచు 6 మిల్లీమీటర్లు అటూ ఇటూ అయితే చేప అడగదు. కానీ ఎగిరేటప్పుడు రెక్క కింద గాలి ఒత్తిడి ఎక్కువ, పైన తక్కువ. బరంపురం స్టేషన్లో ప్యాసింజరు ఆగీ ఆగగానే కిటికీలోంచి తువ్వాలు విసిరే జనంలా, ఆ కింది గాలికి పైకెక్కాలని ఒకటే తొందర. రెక్క మధ్యలో దారి లేదు కనుక చివరికొచ్చి, తమ భుజం మీదుగా సుడి తిరుగుతూ ఎక్కుతుంది. ఆ సుడి వల్లే విమానానికి కొంత వెనక్కి లాగుడు. తమరి వంపు ఉన్నది ఆ సుడిని కాస్త మర్యాదగా సాగనంపడానికి. అది అటుంచితే, తమరి వెనక అంచు పైకో కిందికో ఉంటే రెక్క కొసన కదలని చిన్న ఐలరాన్ ఒకటి తగిలించినట్టే. నడిమి నుంచి అంత దూరాన ఉన్నారు కనుక ఆ చిన్నదానికే బలమెక్కువ. ఒకపక్క రెక్క బరువెక్కినట్టు విమానం అటే వాలుతూ ఉంటుంది, నడిపేవాడు దారి పొడుగునా కంట్రోలు కర్ర రెండోవైపుకి పట్టుకు కూర్చోవాలి. మా బావకి ఇప్పటికే భుజం నొప్పి.

మధ్యలో తగిలిన మిగతావాళ్ల గురించి రెండు ముక్కలు. స్క్రూలు తెచ్చే కొరియరు కుర్రాడు ఎప్పుడడిగినా "కాలి ఆజ్ఞా" అంటాడు. ఒడియాలో కాలి అన్న ఒక్క మాటకే రేపనీ, నిన్ననీ రెండర్థాలూ ఉన్నాయి. అతను ఏదీ అబద్ధం చెప్పలేదు. బంధువులు "ఎప్పుడు ఎగురుతుంది?" అనడం ఆపరు. ముంబైలో అమోల్ యాదవ్ గారు మేడ మీద విమానం కట్టి 2017లో పౌర విమానయాన శాఖ డీజీసీఏ రిజిస్ట్రేషన్ తెచ్చుకున్న వార్త వారానికొకరు పంపుతారు. ఆ వార్తల్లో వింగ్‌టిప్పుల ఊసు నాకెక్కడా కనబడలేదు. ఈ షెడ్డు సంగతంటారా, 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన రాత్రి దీని పైకప్పు ఎగిరింది. వింగ్‌టిప్పులు లేకుండా, ఏ కాగితమూ లేకుండా, పక్క పొలం దాకా వెళ్లి దిగింది.

ఇక నిన్నటి సంగతి.

అలక తీర్చడానికి ఒకే మందు మిగిలిందన్నాడు బావ. వెనక అంచుని హాక్సా బ్లేడుతో పొడుగునా చీల్చి, పై పొరనీ కింది పొరనీ విడదీసి, ఐలరాన్ అంచుకి సరిపడేలా జరిపి, మళ్లీ అతికించడం. శనివారం చీల్చాను. ఎన్నో పడవలు కోశాను గానీ కొత్త వస్తువుని కోస్తుంటే చెయ్యి వణికింది. అతకడానికి ఎపాక్సీలో పత్తి పీచుపొడి కలిపి ముద్ద చేయాలి. అక్కడ ఇంకో అవమానం. మా పాలియెస్టర్ రెజిన్‌లో తొందరుంటే హార్డ్‌నర్ (గట్టిపడటానికి కలిపే మందు) రెండు చుక్కలు ఎక్కువ వేస్తాం, ఎండెక్కువైతే తగ్గిస్తాం. ఎపాక్సీ దగ్గర ఆ వేషాలు సాగవు. రెజిన్ ఐదు పాళ్లకి హార్డ్‌నర్ ఒకటి అంటే ఐదుకొకటే. ఎక్కువేస్తే తొందరగా గట్టిపడదు, ఎప్పటికీ సరిగ్గా గట్టిపడదు. డబ్బా మీద 22 డిగ్రీల దగ్గర గట్టిపడకుండా 10 నిమిషాలు ఆగుతుందని ఉంది. 22 డిగ్రీలు మాకు మాఘమాసపు తెల్లారుజామున దొరుకుతాయి. మే నెలలో, రేకుల కింద, ప్రతి 10 డిగ్రీలకీ ఆ గడువు సుమారు సగమవుతుంటే నాకు మిగిలింది మూడో నాలుగో నిమిషాలు. మొదటి కప్పు నా చేతిలోనే పొగలు కక్కింది. రెండోది వెడల్పాటి పళ్లెంలో పోసి, పళ్లెం కింద ఐసు పెట్టి, దేవుణ్ణి తలుచుకుని, ముద్ద కూరి, రెండు తిన్నని కర్రలకి బ్రౌన్ టేపు చుట్టి, ఆ కర్రల మధ్య తమ అంచుని ఐలరాన్‌తో సహా బిగించాను. రాత్రంతా అలా వదిలేశాను.

ఆదివారం పొద్దున కర్రలు విప్పితే, అబ్బ! వేలు పెట్టి రాస్తే ఐలరాన్ ఎక్కడ అయిపోయిందో, తమరెక్కడ మొదలయ్యారో తెలియలేదు. అక్కని పిలిచి చూపించాను. కాఫీ తాగాను. పడవ కోసం వచ్చి కూర్చున్న తాతకి కూడా చూపించాను. జూన్ 14 దాకా వేట నిషేధం కదా, పడవలన్నీ ఒడ్డునే ఉండే ఈ రెండు నెలలే నాకు సంపాదన. ఆ తాత పడవ ఇరవై రోజులుగా బోర్లా పడుంది. "మా పడవనెప్పుడైనా ఇలగ నిమిరావేటి బాబూ" అన్నాడు.

మధ్యాహ్నం, ముచ్చట కొద్దీ, పక్కన దాచిపెట్టిన ఫ్లాపు (రెక్క వెనకే ఐలరాన్‌కి అవతలుండే ఇంకో కదిలే పలక) కూడా తెచ్చి తగిలించి, వెనక నించుని చూశాను. ఫ్లాపు, ఐలరాన్, తమరు, ముగ్గురూ ఒకే గీతలో ఉండాలి. ఐలరానూ, తమరూ కౌగిలించుకుని ఫ్లాపు కన్నా 4 మిల్లీమీటర్లు కింద ఉన్నారు.

బావ ఒక కన్ను మూసి చూశాడు. "ఫ్లాపు వంకరేమోరా" అన్నాడు.

ఫ్లాపు వంకర కాదు. ఐలరాన్ సరిగ్గా నడిమధ్యన ఆగి ఉండాలని లోపల దాన్ని కదిపే బెల్‌క్రాంక్ అనే మీటకి ఒక ప్లైవుడ్ ముక్క అడ్డం పెడతాం. మూడు వారాల కిందట, పక్కింటి గుంటడు ఐలరాన్ ఎలా ఊగుతుందో చూస్తానంటే బావ ఆ ముక్క తీసి, ఊపి చూపించి, మళ్లీ పెట్టాడు. తిరగేసి పెట్టాడు. మూడు వారాలూ ఐలరాన్ 4 మిల్లీమీటర్లు కిందికే వాలి ఉంది. నేను దాన్ని చూసి తమర్ని తిట్టాను.

ఇంతసేపూ తమరు తమరు అంటున్నాను, ఇంక నా వల్ల కాదు. ఒరేయ్, 6లో 4 మా బావవి. నీవి 2! రెండు మిల్లీమీటర్లు! అవి నేను అరగదీసి సరిచేసేవాణ్ణి, ఒక్క సాయంత్రం పని! నోరు లేదంటే ఊరుకుంటాను. కానీ మూడు వారాలు నేను నిన్ను నొక్కి, వంచి, కోసి, చీల్చి, అతికిస్తుంటే అన్నిసార్లూ నువ్వు పైకి లేచింది "అయ్యా, పక్కవాణ్ణి చూడండి" అని చెప్పడానికా? గట్టిగా చెప్పొచ్చు కదరా. పగిలిపోవాల్సింది. రెండు ముక్కలై నేల మీద పడుంటే నేను కూర్చుని ఆలోచించేవాణ్ణి. నువ్వేమో చివరికి మంచిగా వంగి ఒదిగిపోయావు, తప్పున్న చోటికి.

రాత్రి దురదకి నిద్ర పట్టక టార్చి పట్టుకుని నీ దగ్గరికొచ్చాను. నేను వేసిన అతుకు చూశాను. గాలి బుడగ లేదు. గోటితో తట్టితే ఖణేల్‌మంది. ఇరవయ్యేళ్లలో నేను వేసిన అతుకుల్లో అంత మంచిది ఇంకోటి లేదు. పొద్దున్నే దాన్ని మళ్లీ చీల్చాలి.

ఐదింటికొస్తాను, ఎండ రాకముందే. కొత్త బ్లేడు కొన్నాను. ప్లైవుడ్ ముక్క నా దిండు కింద ఉంది.

ఇట్లు,
తమ విధేయుడు,
కత్తిపీట

తా.క.: ఇది రాసి మడిచాక ఆ ముక్కని దీపం కింద పెట్టి చూశాను. దాని మీద బావ పెన్సిలుతో "ఇటు పైకి" అని రాసి బాణం గీశాడు. రెండు రెక్కలకీ అదొక్కటే ముక్క. ఎడమవైపు పని చేసేటప్పుడు కూడా దాని మీద ఏదో రాసి ఉండటం చూశాను. ఆ రాత ఏమీ అర్థం కాక, బావ ఒడియాలో ఏదో గిలికాడనుకుని వదిలేశాను. ఇప్పుడు ముక్కని తలకిందులు చేసి చూస్తే అచ్చం ఆ ఒడియాలాగే ఉంది. ఈ సంగతి మీ అన్నగారికి ప్రస్తుతానికి చెప్పకండి. మా బావకి నేనే చెబుతాను, కాలి.