చేపల పడవకు యుద్ధమే నయమా?

యుద్ధానికీ హద్దులుండాలనే అంతర్జాతీయ మానవతా చట్టం మాటెత్తితే చాలు, పెదవి విరుపులు మొదలవుతాయి. గాజాను చూపిస్తారు, ఉక్రెయిన్‌ను చూపిస్తారు, పోలీసు లేనిది ఏం చట్టమంటారు. అలా అనేవాళ్లు ఒకసారి నెల్లూరు తీరానికి రావాలి. ఇసకపల్లి నుంచి మైపాడు దాకా ఏ పట్టపుపాలెంలోనైనా, అంటే మత్స్యకారుల ఊళ్లోనైనా, దురాయి అంటే ఏమిటో అడగాలి. అది ఊరి కట్టుబాటు. కాపులు, అంటే ఊరి పెద్దలు, కూర్చుని ఫలానా వల వేయకూడదని దురాయి వేస్తే, ఆ వల ఇసుక మీదే ఉంటుంది. కాగితం లేదు, కానిస్టేబులు లేడు. (దురాయి పేరుతో మనుషులను వెలివేయడాన్ని నేను వెనకేసుకు రావడం లేదు.) ఆ కట్టుబాటును ఊరు తనదనుకుంది కాబట్టి అది నిలిచింది.

యుద్ధనీతిలోనూ అలాంటి దురాయి ఒకటుంది. అదీ చేపల పడవ గురించే. 1898 ఏప్రిల్‌లో స్పెయిన్‌తో యుద్ధానికి దిగిన అమెరికా, క్యూబా తీరంలో పకేటే హబానా, లోలా అనే రెండు తెరచాప పడవలను పట్టుకుంది. మొదటిదానిలో ఉన్నది ముగ్గురే. ఆయుధాలు లేవు, బతికున్న చేపలున్నాయి. నౌకాదళం అడ్డగించేదాకా యుద్ధం మొదలైందన్న సంగతే వాళ్లకు తెలియదు. కీ వెస్ట్‌లో వేలం వేస్తే ఒకటి 490 డాలర్లు, రెండోది 800 డాలర్లు పలికాయి. వ్యాజ్యం అమెరికా సుప్రీంకోర్టుకెక్కింది. 1403లో ఇంగ్లండ్ రాజు నాలుగో హెన్రీ ఇచ్చిన ఉత్తర్వుల దాకా తవ్వి చూసిన కోర్టు, తీరం వెంట వేటాడే పడవ శత్రువుదైనా పట్టకూడదన్న ఆచారం చట్టంతో సమానమని 1900లో తీర్పు చెప్పింది. గెలిచిన దేశపు కోర్టు, తన నౌకాదళాన్నే తప్పుపట్టింది! 1907లో హేగ్ ఒప్పందం ఆ ఆచారాన్నే కాగితం మీద పెట్టింది.

చేపల పడవను నమ్మితే మునుగుతామనేవాళ్లున్నారు. 2008లో ముంబై మీద దాడికి వచ్చినవాళ్లు వాడుకున్నది గుజరాత్ పడవ కుబేర్‌నే కదా అంటారు. నిజమే. కానీ పోరులో పాలుపంచుకున్న పడవకు రక్షణ పోతుందని ఆ హేగ్ ఒప్పందమే చెబుతోంది. పైగా కుబేర్‌లోని మత్స్యకారులను ఆ ముష్కరులే చంపారు.

నా బాధ వేరు. యుద్ధంలో దక్కిన ఈ మన్నన శాంతికాలంలో ఎందుకు లేదు? ప్రత్యేక ఆర్థిక మండలంలో (తీరానికి పన్నెండు నుంచి రెండు వందల నాటికల్ మైళ్ల దాకా ఉండే సముద్రంలో) వేట నిబంధన మీరినవాళ్లకు, దేశాల మధ్య వేరే ఒడంబడిక ఉంటే తప్ప, జైలుశిక్ష కూడదని 1982 నాటి సముద్ర చట్టాల ఒప్పందం 73వ అధికరణం అంటోంది. భారత్, పాకిస్తాన్ రెండూ దాన్ని ఆమోదించాయి. కానీ తీరానికి పన్నెండు నాటికల్ మైళ్ల లోపలికి వచ్చారన్న ఒక్క మాటతో ఆ అధికరణం చెల్లకుండా పోతుంది. గుజరాత్, సింధ్ మధ్య ఉన్న సర్ క్రీక్ దగ్గర సరిహద్దు గీతే తేలలేదు, ఎవరు దాటినట్టు? గుజరాత్ నుంచి వేటకు వెళ్లి 2018 నవంబరులో పాకిస్తాన్‌కు చిక్కిన ఉత్తరాంధ్ర మత్స్యకారుల్లో ఇరవై మంది వాఘా దాటింది 2020 జనవరిలో.

మన తీరంలోనూ తగాదాలు తక్కువేమీ కాదు. తమిళనాడులోని కడలూరు నుంచి సోనా బోటు (పెద్ద మర పడవ) వచ్చి వలలు తెంపుకుపోతే మనవాళ్లు దాన్ని పట్టి ఒడ్డున కట్టేస్తారు. ఆ తర్వాత పెద్దలు కూర్చుంటారు, కేకలు లేస్తాయి, జరిమానా తేలుతుంది, పడవ వెళ్లిపోతుంది. ఏడాది జైలు ఎవరికీ తోచదు.

ఢిల్లీ, ఇస్లామాబాద్ ఏటా జనవరి 1న, జూలై 1న ఒకరి చెరలో ఉన్నవారి జాబితాను మరొకరికి ఇచ్చుకుంటాయి. అందులో ఖైదీల లెక్క వేరు, మత్స్యకారుల లెక్క వేరు. ఖైదీలు కారని తెలిసే విడిగా రాస్తున్నప్పుడు, ఆ రెండో లెక్క అసలు ఎందుకుండాలి?