నాచు మంచిదే.. మరి నీరు?

కోళ్ల పెంపకం ఖర్చులో సింహభాగం దాణాదే. మాంసకృత్తుల కోసం కలిపే సోయా చెక్క ధర పెరిగిన ప్రతిసారీ రైతుకు టెన్షన్ తప్పదు. అందుకే మురుగునీటిలో సూక్ష్మ నాచు పెంచి దాణాలో కలపవచ్చంటే ఎవరికైనా ఆశ పుడుతుంది. ఆ ఆశకు శాస్త్రం అండ కూడా ఉంది. కానీ ఏ మురుగునీరు అన్నది తేల్చుకోకుండా అడుగు ముందుకు వేయకూడదని మేము గట్టిగా భావిస్తున్నాం.

సోయా చెక్కలో మాంసకృత్తులు 44 నుంచి 48 శాతం. క్లోరెల్లా అనే నాచు ఎండు బరువులో అవి సగానికి పైనే. మురుగులోని నత్రజని, భాస్వరమే దానికి ఎరువు. 1950ల్లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో విలియం ఆస్వాల్డ్ ఈ పద్ధతికి పునాది వేశారు. ఆ తరహా చెరువుల్లో నీరు మోకాలి లోతు కూడా ఉండదు, ఎండ లోపలికి దిగాలి కదా. తెడ్ల చక్రం నీటిని నెమ్మదిగా తిప్పుతూ ఉంటుంది. మురుగును తినే బ్యాక్టీరియా వదిలిన కార్బన్ డయాక్సైడ్‌ను నాచు పీల్చుకుంటుంది, నాచు వదిలిన ఆక్సిజన్‌తో బ్యాక్టీరియా బతుకుతుంది. దాంతో మామూలు మురుగు శుద్ధిలో నీటిలోకి గాలి ఊదే మోటార్లకయ్యే కరెంటు చాలావరకు మిగులుతుంది. నీరు శుభ్రపడుతుంది, చేతికి పంటా వస్తుంది.

ఆ పంటను కోయడమే కష్టం. లీటరు నీటిని వడకడితే దక్కే ఎండు నాచు సాధారణంగా ఒక గ్రాము కూడా ఉండదు. చాలా రకాల్లో కణం మిల్లీమీటరులో వందో వంతుకన్నా చిన్నది కాబట్టి మామూలు జల్లెడకు చిక్కదు. పటిక వేస్తే ముద్దకట్టి అడుగుకు చేరుతుంది, కానీ పటికలోని అల్యూమినియం దాణాలోకి వచ్చి కోడికి అందాల్సిన భాస్వరాన్ని పట్టేస్తుంది. యంత్రాలతో తిప్పి వేరుచేస్తే కరెంటు బిల్లు మోత మోగుతుంది. క్లోరెల్లా కణం గోడ గట్టిది, దాన్ని పగలగొట్టకుండా పెడితే కోడికి సరిగా అరగదు. ఇవన్నీ ఇంజనీర్లు పరిష్కరించగలిగినవే. ఖర్చు దిగితే దారి దొరుకుతుంది.

మాకు ఆందోళన కలిగిస్తున్నది వేరే సంగతి. సీసం, కాడ్మియం లాంటి లోహాలు నాచు కణాలకు ఇట్టే అంటుకుంటాయి. ఈ గుణం ఉందనే విషపూరితమైన నీటిని శుద్ధి చేయడానికి నాచును వాడాలని చూస్తున్నారు. అలా విషాన్ని పట్టుకున్న నాచునే తీసుకెళ్లి కోడి ముందు పోస్తే ఎలా? బాగా వేడిచేస్తే రోగక్రిములు చస్తాయి, లోహం మాత్రం ఎక్కడికీ పోదు. కాడ్మియం కోడి కాలేయంలో, మూత్రపిండాల్లో పేరుకుంటుంది. ఆ కాలేయం చివరికి చేరేది మనిషి పళ్లెంలోకే. ఇళ్ల మురుగు, ఫ్యాక్టరీల మురుగు ఒకే కాలువలో కలిసే చోట ఈరోజు నమూనా బాగుందని రేపటి నమూనాకు ఎవరు పూచీ ఇస్తారు?

పట్టణ, గృహ, పారిశ్రామిక మురుగునీటి శుద్ధిలో మిగిలే వ్యర్థాలను దాణాలో వాడకూడదని యూరోపియన్ యూనియన్ 2009 నాటి చట్టం నిషేధించింది, తర్వాత ఎంత శుద్ధి చేసినా సరే. అయితే ఆహార, దాణా ఫ్యాక్టరీల్లో విడి పైపుల్లో నడిచే నీటిని ఆ మురుగు కింద లెక్కించలేదు. ఈ గీత సరైన చోటే గీశారని మా అభిప్రాయం. పాల ఫ్యాక్టరీలోనో పిండి మిల్లులోనో కడిగిన నీటిలో ఏముందో ముందే తెలుస్తుంది, మరుగుదొడ్ల నీరు అందులో కలవదు. అక్కడా కడగడానికి వాడే రసాయనాల మీద కన్నేసి ఉంచాలి. దాణా నాచు ప్రయోగాలు అలాంటి చోటే మొదలవ్వాలి. ఊరి మురుగులో పెరిగిన నాచును బయోగ్యాస్‌కు మళ్లించవచ్చు.

దాణాలో 5 నుంచి 10 శాతం దాకా నాచు కలిపితే కోళ్లు తట్టుకుంటాయని పరిశోధనలు చెబుతున్నాయి, అంతకు మించి ఎక్కువ కాలం పెడితే ఎదుగుదల దెబ్బతింటుంది. కాబట్టి సోయాకు పూర్తి ప్రత్యామ్నాయం దొరికిందని రైతులకు అమ్మజూపడం అన్యాయం. నాచు ఏ నీటిలో పెరిగిందో, ఎంత శాతం కలిపారో దాణా బస్తా మీద అచ్చువేయించాలి. ప్రతి బ్యాచ్‌కూ లోహాల పరీక్ష జరగాలి. ఆ ఖర్చు తయారీదారే భరించాలి, కోళ్ల రైతు నెత్తిన రుద్దకూడదు.