మా వీధికంతా ఒకటే అడ్రసు

పొగాకు వేలం నడిచే రోజుల్లో కందుకూరులో మా నాన్న పొద్దుగూకగానే ఫోన్ పట్టుకుంటారు. ఏ గ్రేడు ఎంత పలికిందో తెలిస్తేనే ఇంట్లో మిగతా లెక్కలు తేలతాయి. మొన్న అలా వెతుకుతుంటే సెర్చ్ ఇంజిన్ ధర చూపించలేదు. మీ నెట్‌వర్క్ మీద అనుమానం ఉంది, రోబో కాదని నిరూపించుకోండి అంటూ తొమ్మిది బొమ్మలు పెట్టింది. ఫైర్ హైడ్రెంట్, అంటే అమెరికా వీధుల్లో మంటలార్పే నీళ్ల కోసం పెట్టే గొట్టం, ఉన్నవి నొక్కమంది. "ఏందిరా ఈ ఎర్ర గొట్టం? మనూళ్లో యాడుంది ఇది?" అంటూ నాన్న రెండుసార్లు తప్పు నొక్కి, ఫోన్ నా చేతిలో పెట్టారు.

నలభై ఏళ్లు సేద్యం చేసిన మనిషిని మనిషివేనా అని అడగడం నాకు కష్టంగా అనిపించింది. ఎందుకిలా జరిగిందో వెతికితే తప్పు ఆయన ఫోన్‌లో లేదు.

నెట్‌కు కలిసే ప్రతి కనెక్షన్‌ను గుర్తుపట్టడానికి ఒక నంబరు ఉంటుంది, అదే దాని అడ్రసు. పాత పద్ధతి అడ్రసులు, అంటే ఐపీవీ4, మొత్తం సుమారు 430 కోట్లే. వాటిలో మన ఆసియా పసిఫిక్ ప్రాంతానికి ఇచ్చిన నిల్వ 2011 ఏప్రిల్‌లోనే అడుగంటింది. అందుకే చిన్న ఊళ్లలో కేబుల్ నెట్ ఇచ్చేవాళ్లు పదుల ఇళ్లను ఒకే అడ్రసు వెనక పెడతారు. పది పోర్షన్లకు ఒకటే కరెంటు మీటరు పెట్టినట్టు. ఆ ఇళ్లలో ఏదో ఒక కంప్యూటర్‌కు వైరస్ పట్టి, దానంతటదే వందల ప్రశ్నలు పంపుతుంటే సెర్చ్ ఇంజిన్‌కు కనిపించేది ఆ ఒక్క అడ్రసే. అనుమానం వీధి మొత్తం మీద పడుతుంది. హాస్టళ్లు, నెట్ సెంటర్ల పరిస్థితీ ఇదే. రిజల్ట్స్ రోజున పిల్లలంతా ఒకేసారి వెతికితే, అసలే టెన్షన్‌లో ఉన్నవాళ్లకు ఈ బొమ్మలు అడ్డం వస్తాయి.

దొంగ ప్రోగ్రాములను ఆపొద్దని నేననను. అవి సర్వర్లను ముంచేస్తాయి, మోసాలు చేస్తాయి. కానీ ఈ బొమ్మల పరీక్ష వాటిని ఆపుతోందా? 2023లో కాలిఫోర్నియా యూనివర్సిటీ ఇర్విన్ పరిశోధకులు 1,400 మందితో క్యాప్చాలు, అంటే ఇలాంటి రోబో పరీక్షలు, చేయించి చూశారు. మనుషుల కంటే బాట్లే, అంటే దానంతటవే పనిచేసే ప్రోగ్రాములే, వాటిని వేగంగా, తక్కువ తప్పులతో దాటేస్తున్నాయని తేల్చారు. మరి ఆగిపోతున్నది ఎవరు? చూపు ఆననివాళ్లు, ఇంగ్లీషు రానివాళ్లు, అమెరికా వీధి ఎన్నడూ చూడని మా నాన్నలాంటి వాళ్లు. చూపు లేనివాళ్లకు ఈ పరీక్ష గోడలాంటిదని వెబ్ ప్రమాణాలు రూపొందించే డబ్ల్యూ3సీ 2005లోనే రాసింది. పరీక్ష పెట్టక తప్పదంటే తెలుగులో, మన కళ్లెదుట ఉండే వస్తువులతో పెట్టాలి. ఒక్క అడ్రసు చూసి వీధినంతా అనుమానించడం మానాలి.

ఇటువైపు చేయాల్సిందీ ఉంది. ఐపీవీ6 అనే కొత్త పద్ధతి అడ్రసులు వస్తే ప్రతి ఇంటికీ సొంత అడ్రసు ఇవ్వొచ్చు. మన దేశంలో మొబైల్ నెట్‌లో అది చాలా వరకు వచ్చేసింది కూడా. కేబుల్ నెట్ అబ్బాయిని అడిగాను. "పాత రౌటర్లన్నీ మార్చాలన్నా, ఆ ఖర్చెవరు పెట్టుకుంటారు?" అన్నాడు. అది న్యాయమైన ప్రశ్నే. లైసెన్సులిచ్చే ప్రభుత్వం దానికి జవాబు చెప్పాలి. నాన్న మాత్రం ఆ రాత్రి వేలం కేంద్రానికి వెళ్లొచ్చిన పక్కింటాయనను అడిగి ధర తెలుసుకున్నారు.