నడుం వంగిన అల్మారా గారికి

మహారాజశ్రీ అట్ట అల్మారా గారికి, కాజీపేట నుంచి నమస్కరించి రాసేది ఏమనగా, ఉభయకుశలోపరి. ఇక్కడ మేం క్షేమం, తమరు క్షేమం కాదని ఎదురుంగ కుర్చీల కూసుంటే కనబడుతనే ఉంది, మా పోరడు నీ అర చివరన గోటీ పెట్టి ఇడిసిపెడితే సక్కగ నడిమిట్లకొచ్చి ఆగుతంది.

షాపుల చూసినప్పుడు ఎంత నున్నగున్నవ్! టేకు రంగు, మీద "హెవీ డ్యూటీ" అని స్టిక్కర్. సేల్స్ పిల్లగాడు వేళ్లతోని టకటక కొట్టి సౌండ్ ఇనిపిచ్చిండు, సౌండ్‌కు పడిపోయేటోణ్ని నేను (లేకుంటే గీ కాలంల నాలుగొందల ఎల్పీలు, అంటే పాటల పెద్ద రికార్డులు, ఎవడు దాస్తడు). ఆ టేకు రంగు కాయితం కింద ఉన్నది చెక్కపొట్టు, జిగురు అని రెండు వానకాలాలు పోయినంక తెలిసింది, స్క్రూ ఊడి చేతిలకొచ్చింది, దాని ఎంబడి ఇంత పొట్టు.

నా తప్పు గూడ ఉంది. పాటలకు బరువేంది అనుకున్న. మొన్న ఇరవై ఎల్పీలు కవర్లతో సహా కిరాణం కొట్టు కాంట మీద పెడితే ఐదు కిలోలు చూపిచ్చింది, షావుకారి "ఇదేం పప్పు సారూ" అన్నడు. అంటే రెండున్నర ఫీట్ల నీ ఒక్క అర మీద రెండొందలు పడితే యాభై కిలోలు, పాతిక కిలోల బియ్యం బస్తాలు రెండు నీ నెత్తి మీద పెట్టి మరిచిపోయినట్టు. బస్తానైతే నెల తిరిగేసరికి తిని కరగదీస్తం, రికార్డులు ఎన్నడన్న తగ్గుతయా?

వడ్లాయన వచ్చి చూసి నవ్విండు. "బోర్డు ఒక్కటే కాదు సారూ, దూరం చంపింది, నడుమ నిలువు పలక లేదు." లెక్క ప్రకారం అర పొడుగు సగం చేస్తే వంపు పదహారో వంతుకు పడిపోతదట. నీ డబ్బా మీద గిది లేదు, ఉన్నది చీమ తలకాయంత అక్షరాలల్ల "అరకు 15 కిలోలు" అని. హెవీ డ్యూటీ అంటే నీ దృష్టిల పూలకుండీ, పెండ్లి ఫోటో అన్నమాట. గూడ్స్ బండి పోయినప్పుడల్లా నీ ప్లాస్టిక్ పిన్నులు కటకటమంటుంటే నాకు నిద్ర ఎక్కడిది.

ఇగ కొత్తది చేపిస్తున్న, 18 ఎం.ఎం. ప్లైవుడ్, 14 ఇంచుల గూళ్లు, ఎనక షీటు, గోడకు క్లాంపు. అప్పటిదాంక రికార్డులు గోడకు నిటారుగ నిలబెట్టిన. ఒకదాని మీదొకటి పేర్చమంటది మా ఇంటామె, పేరిస్తే కింది వాటిది నీ గతే, వంకర పోతయి.

నిన్ను పారెయ్యం లే, గడప బయట చెప్పుల కోసం పెడుతున్నం. అరకు నాలుగు జతలు.

ఇట్లు, తమ విధేయుడు.

మళ్ల ఒక ముచ్చట, మా బాపు బూట్లు మాత్రం కింద నేల మీదనే ఉంటయి.