మెయిల్ ఆగిపోతే తప్పు మీదే అన్న మాట నిజం కాదు

ఇంట్లో కంప్యూటర్‌లో మెయిల్ పనిచేయకపోతే ఏం చేయాలో చెప్పే సలహా ఒకటి చాలామంది ఒకరికొకరు పంపుకుంటున్నారు. దాని సారాంశం ఇది: మెయిల్ దానంతటది ఆగదు, మీరే ఏదో సెట్టింగు కదిపి ఉంటారు. ముందు పాస్‌వర్డ్ మార్చండి. అప్పటికీ రాకపోతే అకౌంట్ తీసేసి మళ్ళీ పెట్టుకోండి. యాంటీవైరస్ ఆపేయండి. వెళ్ళని మెయిల్‌ని వెళ్ళేదాకా పంపుతూ ఉండండి. ఏదీ కుదరకపోతే నెట్‌లో కస్టమర్ కేర్ నంబర్ వెతికి ఫోన్ చేయండి. అయిదు నిమిషాల పనికి టెన్షన్ ఎందుకు?

రాసినవాళ్ళ ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ ఇదే వరసలో చేసుకుంటూ పోతే చిన్న సమస్య పెద్దదవుతుంది. కొందరికి ఏళ్ళ నాటి ఉత్తరాలే పోతాయి. అందుకని ఒక్కో మాటకీ జవాబు రాస్తున్నాను.

"మీరే ఏదో కదిపి ఉంటారు."

నాకు అన్నిటికంటే బాధ కలిగించే మాట ఇదే. నిన్నటిదాకా పనిచేసిన మెయిల్ ఈరోజు పాస్‌వర్డ్ తప్పు అంటుంది. పాస్‌వర్డ్ సరైనదే. ఎన్నిసార్లు కొట్టినా అదే జవాబు. మనిషికి తన జ్ఞాపకం మీదే అనుమానం మొదలవుతుంది. ఇంట్లో పెద్దవాళ్ళయితే తమకే చేతకాలేదనుకుని కంప్యూటర్ మూసేస్తారు.

అసలు జరిగేది చాలాసార్లు అవతలి వైపు. 2022 మే 30 నుంచి గూగుల్, వ్యక్తిగత అకౌంట్లలో కేవలం యూజర్ నేమ్, పాస్‌వర్డ్‌లతో లాగిన్ అయ్యే బయటి మెయిల్ ప్రోగ్రామ్‌లను (బ్రౌజర్‌లో కాకుండా విడిగా వేసుకుని మెయిల్ చూసుకునేవి) ఆపడం మొదలుపెట్టింది. మైక్రోసాఫ్ట్ తన అవుట్‌లుక్, హాట్‌మెయిల్ వ్యక్తిగత అకౌంట్లకు 2024 సెప్టెంబర్ 16న అదే పని చేసింది. విండోస్‌తో పాటు వచ్చే మెయిల్ యాప్‌కి 2024 డిసెంబర్ 31తో మద్దతు ఆపేసి, అందరినీ కొత్త అవుట్‌లుక్‌కి మళ్ళమంది. భద్రత కోసం చేసిన మార్పులకు కారణాలున్నాయి, కాదనను. కానీ పాత ప్రోగ్రామ్‌కి ఆ సంగతి తెలియదు. సర్వర్ (మెయిల్స్ ఉంచి అందించే కంపెనీ కంప్యూటర్) ఒప్పుకోలేదని మాత్రమే తెలుసు కాబట్టి పాస్‌వర్డ్ మళ్ళీ అడుగుతుంది. ఇందులో వాడేవాళ్ళ తప్పు ఎక్కడుంది?

"ముందు పాస్‌వర్డ్ మార్చండి."

ముందు చేయాల్సింది బ్రౌజర్ తెరిచి అదే అకౌంట్‌లోకి లాగిన్ అయి చూడటం. అక్కడ మెయిల్స్ కనిపిస్తుంటే పాస్‌వర్డ్ బాగానే ఉంది, సమస్య కంప్యూటర్‌లోని ప్రోగ్రామ్‌కీ సర్వర్‌కీ మధ్య ఉంది. అప్పుడు పాస్‌వర్డ్ మార్చితే లాభం లేకపోగా నష్టం. ఫోన్‌లో, ట్యాబ్‌లో చక్కగా నడుస్తున్న మెయిల్ కూడా మళ్ళీ లాగిన్ అడుగుతుంది. జీమెయిల్‌లో ఇంకో చిక్కుంది. పాత ప్రోగ్రామ్‌ల కోసం తీసుకునే 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్‌లు, అసలు పాస్‌వర్డ్ మార్చగానే రద్దయిపోతాయి. ఒక చోట ఆగిన మెయిల్ ఇప్పుడు అన్ని చోట్లా ఆగుతుంది. అకౌంట్‌లోకి వేరేవాళ్ళు చొరబడ్డారని అనుమానం ఉంటే మాత్రం వెంటనే మార్చాలి. అది వేరే సందర్భం.

"అకౌంట్ తీసేసి మళ్ళీ పెట్టుకోండి."

దయచేసి ఈ ఒక్కటీ చూసుకోకుండా చేయకండి. మెయిల్ తెచ్చుకోవడానికి రెండు పద్ధతులున్నాయి. ఐమ్యాప్‌లో ఉత్తరాలు సర్వర్‌లో ఉంటాయి, మన కంప్యూటర్‌లో కనిపించేది వాటి ప్రతి. పాప్ పద్ధతిలో ఉత్తరాలు మన కంప్యూటర్‌లోకి దిగుతాయి, దిగాక సర్వర్ నుంచి తీసేసేలా సెట్టింగు ఉండటం మామూలే. అంటే పాప్ వాడుతున్నవాళ్ళకు ఏళ్ళ ఉత్తరాలకు ఉన్న ఒకే ఒక్క కాపీ ఆ హార్డ్ డిస్క్ మీదే ఉండొచ్చు. అకౌంట్‌తో పాటు డేటా కూడా తీసేయాలా అని ప్రోగ్రామ్ అడిగినప్పుడు విసుగులో సరే నొక్కేస్తే, మళ్ళీ పెట్టుకున్న అకౌంట్‌లో పాతవేవీ కనిపించవు.

ఐమ్యాప్ కదా అని ధీమాగా ఉండటానికీ లేదు. అవుట్‌బాక్స్‌లో చిక్కుకున్న ఉత్తరాలు, కంప్యూటర్‌లోనే దాచుకున్న ఫోల్డర్లు సర్వర్‌కి ఎక్కి ఉండవు. అకౌంట్ సెట్టింగుల్లో ఏ పద్ధతో చూడండి. సాధారణంగా పోర్ట్ (అక్కడే సర్వర్ పేరుతో పాటు ఉండే సంఖ్య) 993 అంటే ఐమ్యాప్, 995 అంటే పాప్. తర్వాత మెయిల్ ఫోల్డర్ మొత్తాన్ని వేరే డిస్క్ మీదికి కాపీ చేసుకోండి. ఆ తర్వాతే తీయడం, పెట్టడం.

"యాంటీవైరస్ ఆపేయండి."

ఇందులో కొంత నిజముంది. కొన్ని యాంటీవైరస్‌లు సర్వర్‌కీ ప్రోగ్రామ్‌కీ మధ్యలో దూరి మెయిల్‌ని తనిఖీ చేస్తాయి, అందుకోసం సర్వర్ సర్టిఫికెట్ (అది అసలైన సర్వరేనని చూపే డిజిటల్ గుర్తింపు పత్రం) బదులు తమ సొంతది పెడతాయి. అది నచ్చక ప్రోగ్రామ్ కనెక్షన్ తెంచేస్తుంది. ఆ మెయిల్ తనిఖీ ఒక్కటే కాసేపు ఆపి చూస్తే చాలు, మొత్తం రక్షణ ఆపక్కర్లేదు. దానికన్నా ముందు కంప్యూటర్ తేదీ చూడండి. మదర్‌బోర్డు మీద ఉండే చిన్న బ్యాటరీ అయిపోతే పాత కంప్యూటర్‌లో తేదీ ఏళ్ళ వెనక్కి పోతుంది, అప్పుడు గడువు తేదీలు కుదరక సర్టిఫికెట్లన్నీ చెల్లనివిగా కనిపిస్తాయి.

"వెళ్ళేదాకా పంపుతూ ఉండండి."

తిరిగొచ్చిన మెయిల్‌లో మూడంకెల సంఖ్య ఉంటుంది. చుట్టూ ఎంత గజిబిజి ఉన్నా ముందు దాన్ని వెతకండి. 4తో మొదలైతే ఆటంకం తాత్కాలికం. ఇలాంటప్పుడు పంపే సర్వరే నాలుగైదు రోజుల పాటు మళ్ళీ మళ్ళీ ప్రయత్నించాలని 2008 నాటి ఎస్‌ఎంటీపీ (సర్వర్లు మెయిల్ పంపుకునే పద్ధతి) ప్రమాణం చెబుతోంది. మనం పది కాపీలు పంపితే అవతలివారికి పదీ చేరొచ్చు. 5తో మొదలైతే తిరస్కరించారని అర్థం, అదే మెయిల్ అలాగే పంపితే అదే జవాబొస్తుంది. 550 అయితే చాలావరకు అడ్రస్ తప్పు లేదా అవతలి సర్వర్ వద్దంది. 552 అయితే పెట్టె నిండింది లేదా అటాచ్‌మెంట్ పెద్దది.

అటాచ్‌మెంట్ల విషయంలో చాలామందికి తెలియనిది ఒకటుంది. ఫైల్‌ని మెయిల్‌లో పంపడానికి అక్షరాలుగా మారుస్తారు, దాంతో పరిమాణం దాదాపు మూడో వంతు పెరుగుతుంది. 20 ఎంబీ ఫైల్ దారిలో 27 ఎంబీ దాకా అవుతుంది. అవతలి సర్వర్ పరిమితి 25 ఎంబీ అయితే, లోపలే ఉన్నట్టు కనిపించిన ఫైల్ తిరిగొస్తుంది. జీమెయిల్‌లో ఉచితంగా ఇచ్చే 15 జీబీ కూడా ఒక్క మెయిల్‌కే కాదు, డ్రైవ్, ఫోటోలతో కలిపి. ఫోటోలు నిండినా మెయిల్ ఆగుతుంది.

"కస్టమర్ కేర్ నంబర్ వెతికి ఫోన్ చేయండి."

ఇది ప్రమాదం. సెర్చ్‌లో పైన కనిపించే నంబర్లలో మోసగాళ్ళు పెట్టినవి ఉంటాయి. విసిగిపోయి ఫోన్ చేసే మనిషి కోసమే వాళ్ళు కాచుకుని ఉంటారు. కంప్యూటర్‌ని దూరం నుంచి నడిపే యాప్ వేయించి, వైరస్ ఉందని భయపెట్టి డబ్బు అడుగుతారు. సహాయం కావాలంటే సేవ ఇచ్చే సంస్థ వెబ్‌సైట్ అడ్రస్ మీరే టైప్ చేసి, అందులోని సహాయం పేజీ నుంచి వెళ్ళండి. ఇప్పటికే అలాంటి యాప్ వేయనిచ్చి ఉంటే, వెంటనే ఆ కంప్యూటర్‌కి నెట్ తీసేయండి. వేరే ఫోన్ లేదా కంప్యూటర్ నుంచి మెయిల్, బ్యాంకు పాస్‌వర్డ్‌లు మార్చి, బ్యాంకుకి విషయం చెప్పండి. తర్వాత మెయిల్ సెట్టింగుల్లో ఫార్వర్డింగ్, ఫిల్టర్లు, రికవరీ ఫోన్ నంబర్ చూడండి. మీ ఉత్తరాల కాపీ మీకు తెలియని అడ్రస్‌కి పోయేలా అక్కడ పెట్టి ఉండొచ్చు, పాస్‌వర్డ్ మార్చినంత మాత్రాన అది ఆగదు.