కంటైనర్ చేరింది, డబ్బు ఎవరి ఖాతాకు పోయింది?

చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ కావచ్చు, ఇందుకూరుపేట గుంటల్లో పట్టిన వనామీ రొయ్య కావచ్చు, సరుకు కళ్లెదుటే లారీ ఎక్కుతుంది. బేరం మాత్రం మొదటి నుంచి చివరి దాకా మెయిల్లోనే నడుస్తుంది. ప్రొఫార్మా ఇన్వాయిస్, అంటే సరుకు పంపకముందు ఇచ్చే ముందస్తు బిల్లు, మెయిల్లో పోతుంది. కొంత అడ్వాన్సు వస్తుంది. కంటైనర్ చెన్నైలో ఓడ ఎక్కాక బీఎల్ (సరుకు ఓడ ఎక్కినట్టు ఇచ్చే పత్రం) కాపీ మెయిల్లో పోతుంది. అది చూసుకుని అవతలి పార్టీ మిగతా సొమ్ము టీటీ చేస్తాడు, అంటే బ్యాంకు ద్వారా నేరుగా ఖాతాకు పంపుతాడు. ఇంత నడకలో మోసగాడు తాకాల్సింది ఒక్కటే: ఇన్వాయిస్ అడుగున బ్యాంకు పేరు, ఖాతా నంబరు, స్విఫ్ట్ కోడ్ (విదేశీ చెల్లింపుల్లో బ్యాంకును గుర్తించే కోడ్) ఉండే మూడు నాలుగు వరుసలు. అవి మారితే సరుకు సక్రమంగానే చేరుతుంది, డబ్బు మాత్రం ముక్కూమొహం తెలియని వాడి ఖాతాలో పడుతుంది.

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో సైబర్ నేరాల మీద ఎక్కడ సదస్సు పెట్టినా 'ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు' అన్న మాట దగ్గరే ఆగుతోంది. ఆ జాగ్రత్త అవసరమే. కానీ ఓటీపీని అడగకుండానే పట్టుకుపోయే పద్ధతులు వచ్చేశాయి. వ్యాపార మెయిళ్లలో దూరి చేసే మోసాల వల్ల 2024లో 277 కోట్ల డాలర్లు పోయాయని అమెరికా ఎఫ్‌బీఐకి అందిన ఫిర్యాదుల లెక్క. మన రొయ్యకు పెద్ద మార్కెట్ ఆ దేశమే. ఎగుమతిదారుకు ఇక్కడ అసలైన రక్షణ కొనుక్కునే సాఫ్ట్‌వేర్ కాదు, ఆఫీసులో తూచా తప్పకుండా పాటించే ఒక కట్టుబాటు: ఖాతా మారిందన్న కబురు ఏ దారిన వచ్చిందో, అదే దారిన దాన్ని రూఢి చేసుకోకూడదు. మిగతావన్నీ దీనికి తోడుగా నిలిచేవే.

దాడి ఎలా మొదలవుతుందో చూద్దాం. గుమస్తాకు 'షిప్పింగ్ డాక్యుమెంట్స్ చూడండి' అని ఒక లింకు వస్తుంది. నొక్కితే అచ్చం మైక్రోసాఫ్ట్ లాగిన్ పేజీ తెరుచుకుంటుంది. పాతకాలపు నకిలీ పేజీ పాస్‌వర్డ్ తీసుకుని ఊరుకునేది. ఇప్పటి పేజీ మధ్యవర్తిలా నిలబడి, మనం కొట్టిన పాస్‌వర్డ్‌ను అప్పటికప్పుడు అసలు సైటుకు పంపుతుంది, అసలు సైటు అడిగిన ఓటీపీని మన చేతే కొట్టించి అదీ పంపుతుంది. లాగిన్ నిజంగానే అవుతుంది. ఆ తర్వాత అసలు సైటు ఇచ్చే సెషన్ కుకీ, అంటే 'ఇతను ఒకసారి లోపలికి వచ్చాడు, మళ్లీ అడగక్కర్లేదు' అనే చీటీ, మధ్యలో ఉన్నవాడి చేతికి చిక్కుతుంది. దాన్ని తన బ్రౌజర్‌లో పెట్టుకుంటే వాడిని పాస్‌వర్డ్ అడగరు, ఓటీపీ అడగరు. ఇలాంటి ఒకే దాడి 2021 సెప్టెంబరు నుంచి 10,000కు పైగా సంస్థలను గురిపెట్టిందని మైక్రోసాఫ్ట్ 2022 జులైలోనే ప్రకటించింది. ఇప్పుడు ఈ సరంజామా అద్దెకు దొరుకుతోంది.

లోపలికి వచ్చినవాడు వెంటనే ఏమీ చేయడు. వారాల తరబడి పాత మెయిళ్లు చదువుతాడు. ఎవరికి ఎంత రావాలి, ఏ ఓడ ఎప్పుడు బయల్దేరింది, యజమాని సంతకం ఎలా పెడతాడు, 'డియర్ సర్' అని రాస్తాడా పేరు పెట్టి పిలుస్తాడా, అన్నీ చూసుకుంటాడు. 'పేమెంట్', 'బ్యాంక్', 'ఇన్వాయిస్' అన్న మాటలున్న మెయిళ్లన్నీ ఎవరూ తెరవని ఏదో ఫోల్డర్‌కు పోయేలా ఒక రూల్ పెడతాడు. అవుట్‌లుక్‌లోనైతే ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్స్ ఫోల్డర్ వాళ్లకు ఇష్టమైన దాపరికం. ఇక కొనుగోలుదారు 'ఖాతా నిజంగా మారిందా?' అని అడిగినా ఆ మెయిల్ మన కంటపడదు. జవాబిచ్చేది వాడే.

మోసపు మెయిల్ చాలా మామూలుగా ఉంటుంది. పాత సంభాషణ కిందే జవాబుగా వస్తుంది. కంటైనర్ నంబరు సరిగ్గా ఉంటుంది, మొత్తం డాలర్లు సెంట్లతో సహా సరిపోతాయి. 'మా ఖాతాలో ఆడిట్ నడుస్తోంది, ఈసారికి మా అనుబంధ సంస్థ ఖాతాకు పంపగలరు' అని రెండు వాక్యాలు, కింద కొత్త ఇన్వాయిస్ పీడీఎఫ్. బాగా దగ్గరగా చూస్తే బ్యాంకు వివరాల గడిలో అక్షరాల మందం మాత్రం కాస్త తేడాగా ఉంటుంది. ఇంకా చూస్తే అమ్మేవాడు ఆంధ్రలో, బ్యాంకు ఇంకో దేశంలో. పంపినవారి పేరు సరైనదే అయినా జవాబు చిరునామాలో ఒక అక్షరం మారి ఉండొచ్చు. ఆర్, ఎన్ చిన్న అక్షరాలు పక్కపక్కన పెడితే ఎమ్ లాగే కనిపిస్తాయి. మెయిల్ నిజంగా మన పెట్టెలోంచే పోతే ఆ తేడా కూడా ఉండదు.

ఈ దాడికి నేరుగా అడ్డుపడేది, పాస్‌వర్డ్‌కు బదులు ఫోన్లోనో కంప్యూటర్లోనో ఉండే పాస్‌కీ లేదా యూఎస్‌బీ సెక్యూరిటీ కీ. అది సైటు చిరునామాకు ముడిపడి ఉంటుంది. నకిలీ పేజీ ఎంత అచ్చుగుద్దినట్టున్నా చిరునామా వేరు కాబట్టి కీ పలకదు. యజమానికి, అకౌంటెంట్‌కు, డాక్యుమెంటేషన్ చూసే మనిషికి తలా రెండు కీలు చాలు: ఒకటి చేతిలో, ఒకటి లాకర్‌లో. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, కీ పెట్టుకుని పాత ఎస్‌ఎంఎస్ ఓటీపీ దారిని కూడా తెరిచి ఉంచడం. మోసగాడు 'వేరే పద్ధతిలో లాగిన్' అన్నది నొక్కించి ఆ దారినే వస్తాడు. దాన్ని మూసేస్తేనే కీ పెట్టినందుకు ఫలితం.

మెయిల్ హ్యాక్ అయిందని అనుమానం వస్తే పాస్‌వర్డ్ మార్చి ఊరుకుంటారు. అది చాలదు. ముందు అన్ని పరికరాల నుంచీ సైన్ అవుట్ చేయాలి. తర్వాత ఫిల్టర్లు, రూల్స్, ఫార్వర్డింగ్ చిరునామాలు ఒక్కొక్కటీ తెరిచి చూడాలి. ఖాతాకు అనుమతి పొందిన బయటి యాప్‌ల జాబితా చూసి తెలియనివి తీసేయాలి, ఎందుకంటే పాస్‌వర్డ్ మారినా ఆ అనుమతి బతికే ఉండొచ్చు. రికవరీ ఫోన్ నంబరు, రికవరీ మెయిల్ మనవేనా అన్నదీ చూడాలి. ఇవేవీ చెరిపేయకముందే స్క్రీన్‌షాట్లు తీసుకోవాలి. మోసపు మెయిల్‌ను ఫార్వర్డ్ చేస్తే పనికిరాదు. జీమెయిల్‌లో 'షో ఒరిజినల్' నొక్కి పూర్తి హెడర్‌తో దించుకుంటేనే దర్యాప్తుకు ఆధారమవుతుంది.

సొంత డొమైన్ (మెయిల్ చిరునామాలో @ తర్వాత వచ్చే పేరు) ఉన్న సంస్థలు, మెయిల్ నిజంగా ఆ డొమైన్ నుంచే వచ్చిందో లేదో అవతలివారి సర్వర్ తేల్చుకునేలా చేసే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడూ పెట్టుకోవాలి. డీమార్క్‌ను మొదట 'నన్' (ఏదీ ఆపకుండా గమనించడం) మీద పెట్టి కొన్ని వారాలు రిపోర్టులు చూసి, తర్వాత 'క్వారంటైన్' (స్పామ్‌లోకి నెట్టడం), చివరికి 'రిజెక్ట్' (తిరగ్గొట్టడం) దాకా తీసుకెళ్లాలి. ఒకేసారి రిజెక్ట్ పెడితే మన పేరుతో బిల్లులు పంపే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ మెయిళ్లు కూడా తిరగ్గొట్టబడతాయి. ఎస్‌పీఎఫ్‌లో డీఎన్‌ఎస్ లుకప్‌లు (తనిఖీలో ఇతర డొమైన్ల వివరాల కోసం చేసే వెతుకులాటలు) 10 దాటితే మొత్తం చెల్లకుండా పోతుందన్నది చాలామంది గమనించరు. 'నన్' మీదే ఏళ్ల తరబడి వదిలేస్తే పెట్టనట్టే. అయితే దీని హద్దు కూడా తెలియాలి: మన డొమైన్‌ను దొంగిలించి వాడటాన్ని ఇది ఆపుతుంది గానీ, ఒక అక్షరం మార్చి కొన్న డొమైన్‌నూ, నిజంగా హ్యాక్ అయిన పెట్టెనూ ఆపలేదు. ఇక ఉచిత జీమెయిల్ మీదే కోట్ల వ్యాపారం చేసేవారికి ఈ కవచం అసలు దక్కదు. అలాంటి అడ్రసులు చాలా ఎగుమతి ఇన్వాయిస్‌ల మీద ఇంకా ఉండటం ఆందోళన కలిగించే విషయం.

అందుకే మళ్లీ ఆ కట్టుబాటు దగ్గరికే రావాలి. ఖాతా మారిందని మెయిల్ వచ్చినా, వాట్సాప్ వచ్చినా, ముందే రాసి పెట్టుకున్న నంబరుకు మనమే ఫోన్ చేయాలి. ఆ మెయిల్ అడుగున ఉన్న నంబరుకు కాదు. వాళ్లు చేసిన ఫోన్‌ను నమ్మకూడదు. గొంతు పోల్చుకోవడం ఇక రుజువు కాదు. 2024 మొదట్లో ఆరప్ అనే ఇంజినీరింగ్ సంస్థ హాంకాంగ్ ఆఫీసు ఉద్యోగి వీడియో కాల్‌లో తన పైఅధికారులనే చూసి, వాళ్ల మాట వినే 15 విడతల్లో 20 కోట్ల హాంకాంగ్ డాలర్లు పంపేశాడు. తెర మీద ఉన్నవారంతా కృత్రిమ మేధతో పుట్టించిన నకిలీలు. కాబట్టి 'సార్ ఫోన్లో చెప్పారు' అన్న మాట మీద ఏ అకౌంటెంటూ పెద్ద మొత్తం కదపకూడదు. 'ఎందుకు ఆలస్యం చేశావ్' అని యజమాని కేకలేయడనే భరోసా అకౌంటెంట్‌కు ముందే ఉండాలి. లేకపోతే ఏ నియమమూ నిలవదు.

దేశంలోపల చెల్లింపులకూ ఇదే వర్తిస్తుంది. మేత డీలరు ఖాతా మారిందని వాట్సాప్ వస్తుంది, ఫ్యాక్టరీ నుంచి నెఫ్ట్ వెళ్లిపోతుంది. నెఫ్ట్, ఆర్టీజీఎస్‌లలో డబ్బు జమయ్యేది ఖాతా నంబరును బట్టే, మనం రాసిన పేరును బట్టి కాదు. అందుకే రిజర్వ్ బ్యాంకు 2025 ఏప్రిల్ 1 కల్లా లబ్ధిదారు పేరు చూపే సౌకర్యం ఇవ్వాలని బ్యాంకులను ఆదేశించింది. కొత్త ఖాతా చేర్చేటప్పుడు ఆ పేరు చదివి తీరాలి. 'పేరు ఒక అక్షరం తేడా అంతే' అని ముందుకు పోవద్దు.

డబ్బు పోయిందని తేలాక గంటలే లెక్క. పోయింది మన బ్యాంకు ఖాతా నుంచైతే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయాలి, తర్వాత జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్లో ఫిర్యాదు పెట్టాలి. లావాదేవీ నంబరు, సమయం, మొత్తం చేతిలో ఉంచుకోవాలి. విదేశీ కొనుగోలుదారు ఖాతా నుంచి పోయిన డాలర్లను మాత్రం 1930 పట్టుకోలేదు. అక్కడ కదలాల్సింది అతని బ్యాంకే. మోసం జరిగిందని చెప్పి స్విఫ్ట్ రీకాల్ (సొమ్ము వెనక్కి పంపమనే సందేశం) పంపించమనాలి, ఆ చెల్లింపును గుర్తించే 36 అక్షరాల యూఈటీఆర్ నంబరు తీసుకోవాలి. ఆ నంబరుతో సొమ్ము ఏ బ్యాంకు దాకా వెళ్లిందో బ్యాంకులు ఆరా తీయగలవు. కొనుగోలుదారు అమెరికావాడైతే ఎఫ్‌బీఐ ఇంటర్నెట్ నేరాల ఫిర్యాదు కేంద్రం ఐసీ3లో వెంటనే ఫిర్యాదు చేయమనాలి. 50 వేల డాలర్లు, ఆపై మొత్తం విదేశానికి పోయి 72 గంటలు దాటకుండా ఉంటే, రీకాల్ కూడా పెట్టి ఉంటే, అంతర్జాతీయంగా నిలిపివేయించే ఏర్పాటు వాళ్లకుంది. ఇక్కడ పెట్టె హ్యాక్ అయి ఉంటే ఐటీ చట్టం 66సి, 66డి కింద ఫిర్యాదు ఇవ్వాలి. మన బ్యాంకుకు రాతపూర్వకంగా చెప్పాలి, లేకపోతే ఆ షిప్పింగ్ బిల్లు ఎగుమతుల సొమ్ము వచ్చిందో లేదో చూసే రిజర్వ్ బ్యాంకు వ్యవస్థ ఈడీపీఎంఎస్‌లో సొమ్ము రానిదిగా తెరిచే ఉంటుంది, తర్వాతి ఎగుమతులకు అదో తలనొప్పి.

గుమస్తా ఫోన్‌ను మరవొద్దు. ఈ-చలాన్ అనో, పీఎం కిసాన్ అనో, పెళ్లి పత్రిక అనో వాట్సాప్‌లో ఏపీకే ఫైలు (ఆండ్రాయిడ్ యాప్‌ను నేరుగా ఎక్కించే ఫైలు) వస్తుంది, తరచూ తెలిసినవారి నంబరు నుంచే. ఇన్‌స్టాల్ చేసి ఎస్‌ఎంఎస్ అనుమతి ఇచ్చాడా, బ్యాంకు ఓటీపీలన్నీ ఎక్కడో ఉన్నవాడికి పోతుంటాయి. అప్పుడు చేయాల్సింది యాప్ కోసం వెతకడం కాదు. ముందు ఫ్లైట్ మోడ్, సిమ్ బయటికి, ఇంకో ఫోన్ నుంచి బ్యాంకుకు, 1930కు కాల్. తర్వాత వాట్సాప్ లింక్డ్ డివైజెస్ తీసేసి, ఫోన్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేయాలి. సిమ్ తిరిగి వేశాక ##002# డయల్ చేస్తే రహస్యంగా పెట్టిన కాల్ ఫార్వర్డింగ్ పోతుంది. కంపెనీ ఖాతా ఓటీపీలు వచ్చే సిమ్‌ను వాట్సాప్ లేని వేరే ఫోన్లో ఉంచడం మేలు.

ట్యాలీ ఉన్న కంప్యూటర్‌ను ఆడిటర్ ఇంటి నుంచి చూడాలని 3389 పోర్టు (దూరం నుంచి కంప్యూటర్‌ను నడిపే రిమోట్ డెస్క్‌టాప్ దారి) ఇంటర్నెట్‌కు తెరిచిపెట్టిన ఆఫీసులకు, ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే రాన్సమ్‌వేర్ ఆ దారినే వస్తుంది. ఆ పోర్టు మూసి వీపీఎన్ పెట్టుకోవాలి. బ్యాకప్ డిస్కు పని అయ్యాక ఊడదీసి ఉంచాలి, తగిలించే ఉంటే అదీ లాక్ అవుతుంది. నెలకోసారి అందులోంచి డేటాను వేరే కంప్యూటర్లో తెరిచి చూడాలి. దాడి జరిగితే 6 గంటల్లో కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలపాలన్న నిబంధన 2022 ఏప్రిల్‌లో జారీ అయిన ఆదేశాల్లో ఉంది.

ఎన్ని చేసినా ఒక ప్రశ్న మిగులుతుంది: మోసం జరిగాక నష్టం ఎవరిది? 'మీ మెయిల్ నుంచే వచ్చింది, నేను కట్టేశాను' అంటాడు కొనుగోలుదారు. సరుకు అప్పటికే అతని గోడౌన్లో ఉంటుంది. రాత కోతలు లేకపోతే చివరికి అమ్మినవాడే సర్దుకోవాల్సి వస్తుంది. ఎల్‌సీ (కొనుగోలుదారు బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ) మీద నడిచే బేరాల్లో చెల్లింపు బ్యాంకుల మధ్యే సాగుతుంది కాబట్టి ఈ ముప్పు తక్కువ, బ్యాంకు హామీ లేని ఓపెన్ అకౌంట్ టీటీల్లోనే ఎక్కువ. అందుకని కాంట్రాక్టులో, ప్రతి ప్రొఫార్మా ఇన్వాయిస్ మీదా ఒక షరతు ఉండాలి: మా బ్యాంకు వివరాలు మెయిల్ ద్వారా మారవు, మారితే ఫలానా నంబరుకు మీరు ఫోన్ చేసి రూఢి చేసుకోవాలి, అలా చేయకుండా వేరే ఖాతాకు పంపితే మాకు చెల్లించినట్టు కాదు. ఈ వాక్యాన్ని న్యాయవాదికి చూపించి, కొనుగోలుదారు సంతకం తీసుకోవాలి. గ్రానైట్, ఆక్వా ఎగుమతిదారుల సంఘాలు ఒకే నమూనా తయారు చేసి సభ్యులందరికీ ఇస్తే, చిన్న ఎగుమతిదారు కూడా 'ఇది మా దగ్గర అందరూ పెట్టే షరతే' అని మొహమాటం లేకుండా పెద్ద కొనుగోలుదారు ముందు పెట్టగలడు.